ఉత్తరాంధ్ర సమాజం మీద ఒక పరిశోధనా గ్రంథాలయం ఎలా పెట్టాలి?

సీతంపేట కొండల్లో పుట్టిన ఒక సవర గిరిజన అమ్మాయి పీజీ చదువుతూ పోడు భూముల (కొండవాలున అడవి కొట్టి సాగుచేసే నేలల) మీద ప్రాజెక్టు రాయాలనుకుందనుకోండి. తన వాళ్ల గురించి ఇంతవరకు ఎవరు ఏం రాశారో చూడాలంటే ఎక్కడికి పోవాలి? సిద్ధాంత గ్రంథాల (పీహెచ్‌డీ థీసిస్‌ల) కోసం విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి. మద్రాసు ప్రభుత్వం నాటి రెవెన్యూ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు. సరిహద్దు అవతలి సవరల సంగతులకు ఒడిశాకు. తెల్ల అధికారులు రాసిన పుస్తకాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి గానీ, ఏది వెతకాలో చెప్పే మనిషి దొరకడు. బస్సు ఛార్జీలు, బస ఖర్చు లెక్కేసుకునేసరికి ఆ అమ్మాయి విషయమే మార్చేసుకుంటుంది.

మన గురించి రాసింది మన దగ్గర లేకపోవడం వల్ల జరుగుతున్న నష్టం ఇది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇందుకోసమే ఒక గ్రంథాలయం పెడదామనే ఆలోచన ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు రిటైరైన లెక్చరర్ కావచ్చు, సంఘంలో పనిచేసేవారు కావచ్చు, ఇంటి నిండా పుస్తకాలున్న పాఠకులు కావచ్చు. పెద్ద సంస్థల వల్లే అవుతుందేమోనని వెనక్కి తగ్గకండి. సిక్కోలులో, అంటే శ్రీకాకుళంలో, కథానిలయం ఉంది. కథకుడు కాళీపట్నం రామారావు గారు తన పుస్తకాలతో, కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు సొమ్ముతో 1997లో దాన్ని తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలన్న ఒకే ఒక్క పట్టుదల దాన్ని నిలబెట్టింది. రాజధానుల్లో లేని పాత పత్రికల కోసం పరిశోధకులు శ్రీకాకుళం రైలెక్కారు. సమాజ శాస్త్రాలకూ అలాంటి చోటు ఒకటి కావాలి.

హద్దులు గీసుకోండి

అన్నీ సేకరిద్దామనుకుంటే ఏడాదిలో గది నిండుతుంది, గ్రంథాలయం మాత్రం తయారవదు. మొదట ఒక తెల్లకాగితం మీద రెండు విషయాలు తేల్చండి: ఏ ప్రాంతం, ఏ అంశాలు.

ప్రాంతం విషయంలో జిల్లా గీతల్ని నమ్ముకోకండి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది, విజయనగరం 1979లో, పార్వతీపురం మన్యం 2022లో. అంతకుముందు ఈ నేలంతా విశాఖపట్నం, గంజాం జిల్లాల్లో ఉండేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. దాంతో ఒకే ఊరి చరిత్ర ఒక కాలంలో ఒక జిల్లా దస్త్రంలో, ఇంకో కాలంలో మరో జిల్లా దస్త్రంలో పడింది. కొండల్లో మనుషులు, వాళ్ల బంధుత్వాలు, సంతలు రాష్ట్రాల సరిహద్దు ప్రకారం లేవు. అందుకే నా సలహా: నాగావళి, వంశధార పారే నేలను, వాటి మధ్య కొండల్ని, బారువ నుంచి భోగాపురం దాకా ఉన్న తీరాన్ని మీ ప్రాంతంగా పెట్టుకోండి. ఒడిశా వైపు గజపతి, రాయగడ జిల్లాల సమాచారాన్ని కూడా వదలకండి.

అంశాలు పదకొండు చాలు. గిరిజన సమాజాలు, కులాలు, భూమి, అడవి, చేపల వేట, వలస, చేనేత, జాతరలు, ఆరోగ్యం, ప్రజా ఉద్యమాలు, ఇక్కడి భాషలు. మీ బలాన్ని బట్టి ఇందులో కొన్ని తగ్గించుకోవచ్చు. ఏవి తీసుకోరో కూడా అదే కాగితం మీద రాయండి: నవలలు, పోటీ పరీక్షల గైడ్లు, భక్తి పుస్తకాలు, ఎన్‌సైక్లోపీడియాలు. గ్రంథాలయం పెడుతున్నారని తెలియగానే ఊళ్లోవాళ్లు అట్టపెట్టెలతో వస్తారు. ప్రేమగా తెచ్చినవి వద్దనడం కష్టం. ఆ కాగితం ముందే గోడకు ఉంటే మాట పడకుండా, మాట అనకుండా సరిపోతుంది. పనికిరానివి జిల్లా గ్రంథాలయానికో ఊరి బడికో పంపుతామని చెప్పండి, పంపండి.

కొనకముందు జాబితా

డబ్బు చేతిలో ఉన్నా సరే, మొదటి నెలల్లో పుస్తకాలు కొనకండి. ఈ ప్రాంతం మీద ఏమేం రాశారో ఒక జాబితా తయారుచేయండి. ఒక్కో వరుసలో రచయిత, పేరు, సంవత్సరం, భాష, ఏ ఊరు లేదా ఏ సమాజం గురించి, ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు అన్నవి ఉండాలి. చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. పుస్తకం మీ దగ్గర లేకపోయినా అది ఎక్కడుందో చెప్పగలిగిన రోజే మీ గ్రంథాలయం పని మొదలైనట్టు.

జాబితాకు పునాదిగా కొన్ని ఉన్నాయి. కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్ 1869 నాటిది. మాల్ట్‌బీ గంజాం మాన్యువల్ 1882లో, ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజెటీరు 1907లో వచ్చాయి. దక్షిణ భారత కులాలు, తెగల మీద థర్‌స్టన్, రంగాచారి కలిసి చేసిన ఏడు సంపుటాలు 1909లో అచ్చయ్యాయి. ఇవన్నీ స్కాన్ ప్రతులుగా ఉచితంగా దొరుకుతాయి. వీటికోసం రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు. చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. థర్‌స్టన్ మనుషుల ముక్కులు, తలలు కొలిచి తెగల్ని తూకం వేసిన కాలం మనిషి. పాలించడానికి రాసిన పుస్తకాలివి. బీరువాలో పెట్టండి, దాని పక్కనే ఆ సమాజాల మనుషులు తమ గురించి తాము రాసుకున్నవి, చెప్పినవి కూడా పెట్టండి.

సవరల విషయంలో మనకు ఒక అదృష్టం ఉంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది, నిఘంటువులూ చేశారు. సవర ముండా కుటుంబం భాష, తెలుగుకు చుట్టం కాదు. కొండదొరల భాష ద్రావిడ కుటుంబంలోది, దాని మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారి పుస్తకం 1969లో వచ్చింది. ఒడిశా వైపు సవరల మతం మీద మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద గ్రంథం వెలువరించారు. అదే సమాజంలో దశాబ్దాల తర్వాత పనిచేసిన పియర్స్ విటెబ్‌స్కీ పుస్తకాలు కూడా ఉంటే, రెండు కాలాల్ని పక్కపక్కన పెట్టి చూసే వీలు కలుగుతుంది.

చాలామంది పట్టించుకోని నిధి 1961 జనాభా లెక్కలది. ఆ ఏడాది లెక్కల వాళ్లు అంకెలతో ఆగలేదు. ఎంపిక చేసిన ఊళ్లకు వెళ్లి ఇళ్లు, పెళ్లిళ్లు, అప్పులు, తిండి, పనిముట్లు అన్నీ రాసుకుని ఊరికో పుస్తకం వేశారు. జిల్లాలవారీగా జాతరల మీదా సంపుటాలు తెచ్చారు. మీ ప్రాంతంలోని ఊళ్లపై వచ్చినవి ఏవో జనగణన శాఖ డిజిటల్ లైబ్రరీలో వెతికి, అచ్చు తీసి, బైండింగ్ చేయించండి. ఆ ఊరికే మళ్లీ వెళ్లి అరవై ఏళ్లలో ఏం మారిందో చూడటం డిగ్రీ పిల్లలు కూడా చేయగలిగిన మంచి పరిశోధన.

సిద్ధాంత గ్రంథాలకు విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఇంటర్నెట్‌లో ఉంచే శోధగంగ చూడండి. 2009 యూజీసీ నిబంధనల తర్వాత పీహెచ్‌డీ థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వడం తప్పనిసరైంది కాబట్టి కొత్తవి బాగానే ఉంటాయి. అంతకుముందువి చాలావరకు టైపు ప్రతులే. వాటి రచయితల్లో చాలామంది రిటైరై విశాఖలోనో విజయనగరంలోనో ఉంటారు. ఇంట్లో ఒక ప్రతి ఉంటుంది. మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే ఫొటోకాపీకి ఇస్తారు.

ఎవరూ దాచనిదే మీరు దాచాలి

అసలు పని ఇక్కడుంది. అచ్చయి, అమ్ముడుపోయి, పెద్ద లైబ్రరీల్లో చేరిన పుస్తకం మీరు దాచకపోయినా బతుకుతుంది. పాతిక ప్రతులు సైక్లోస్టైల్ చేసిన రిపోర్టు బతకదు. చిన్న గ్రంథాలయానికి విలువ తెచ్చేవి ఈ రెండో రకం కాగితాలే. బడ్జెట్‌లోనూ సమయంలోనూ సగానికి పైగా వీటికే పెట్టండి.

ఏవంటే: ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు నివేదికలు, స్వచ్ఛంద సంస్థల సర్వేలు, ఎంఏ, ఎంఫిల్ డిసర్టేషన్లు, కుల సంఘాల సావనీర్లు, మత్స్యకార సహకార సంఘాల మినిట్స్ పుస్తకాలు, చేనేత సంఘాల లెక్కలు, జమీందారీ కాలం శిస్తు రసీదులు, దాఖలాలు, జాతర కరపత్రాలు, నాటకం నోటీసులు, ఉద్యమాల పాటల పుస్తకాలు, గోడపత్రికలు, పెళ్లి శుభలేఖలు కూడా. శుభలేఖలెందుకని అడగొద్దు. ఒకే కుటుంబంలో మూడు తరాల శుభలేఖలు వరసగా పెడితే ఇంటిపేర్లు, చదువులు, వలస వెళ్లిన ఊళ్లు, పెళ్లి జరిగిన చోటు అన్నీ కళ్లముందుకు వస్తాయి.

మామూలు జాబితాలు ఎంత చెప్పగలవో విజయనగరానికి ఎప్పుడో తెలుసు. శుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్లను మహారాజా ఆనంద గజపతి లెక్క రాయించారు. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయని, వాటిలో ఐదేళ్ల పిల్లలవి 99 అని, ఏడాది నిండిన పసిబిడ్డలవి కూడా మూడున్నాయని గురజాడ 1897లో కన్యాశుల్కం ఇంగ్లిష్ ముందుమాటలో రాశారు. ఆ ముందుమాటే లేకపోతే ఆ అంకెలు మనదాకా ఎలా వచ్చేవి? ఇవాళ మండల ఆఫీసు గదిలో మూలన పడి ఉన్న సర్వే ఫారాల్లో కూడా అలాంటి సంగతులుంటాయి.

మన జిల్లాల ఇటీవలి చరిత్రే తీసుకోండి. 1967లో లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్నల హత్య తర్వాత రాజుకున్న గిరిజన పోరాటం. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లకు వ్యతిరేకంగా నిలబడిన జనం మీద పోలీసు కాల్పులు. ఉద్దానం కిడ్నీ జబ్బు. 2018 తిత్లీ తుఫానుకు కూలిన కొబ్బరి, జీడి తోటలు. గుజరాత్ వీరావల్ బోట్లలో పనికి వెళ్లి, పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారులు. ఒక్కోదాని చుట్టూ కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, కోర్టు కాగితాలు, అర్జీలు, ఫొటోలు ఉంటాయి. అన్ని పక్షాలవీ తీసుకోండి. ఉద్యమకారులు వేసిన కరపత్రం, దానికి జవాబుగా కంపెనీ వేసిన కరపత్రం ఒకే పెట్టెలో ఉండాలి. మీకు ఒక అభిప్రాయం ఉండవచ్చు, ఉండాలి కూడా. గ్రంథాలయం మాత్రం దేన్నీ దాచిపెట్టకూడదు.

ఇవి ఎప్పుడు దొరుకుతాయో తెలుసుకోండి. ధనుర్మాసంలో ఇళ్లు దులుపుతారు. అటక మీద కాగితాలు భోగిమంటలోకో పాతసామాన్ల బండికో వెళ్లేది అప్పుడే. డిసెంబరు మొదట్లోనే స్థానిక విలేకరులతో ఒక చిన్న వార్త వేయించండి: పాత కాగితాలు పారేయకండి, మేమే వచ్చి చూస్తామని. పాతపేపర్లు కొనే దుకాణాల వాళ్లతో స్నేహం పెట్టుకోండి. కిలో ధరకు కొంచెం ఎక్కువిస్తే చేతిరాత పుస్తకాలు, బైండు చేసిన రిజిస్టర్లు పక్కన పెడతారు.

కరణాలు, ఉపాధ్యాయులు, డాక్టర్లు, యూనియన్ నాయకులు, పత్రికా విలేకరులు పోయిన ఇళ్లలో కూడా సరుకుంటుంది. పెద్దకర్మ నాడే కాగితాల మాట ఎత్తకండి. కొన్ని నెలలు ఆగండి, ఇల్లు అమ్మకానికి పెట్టేదాకా మాత్రం ఆగకండి. వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దామెతో ముందు కూర్చుని మాట్లాడండి. అమెరికాలో ఉన్న కొడుక్కి తెలియని పెట్టె సంగతి ఆవిడకు తెలుస్తుంది.

ఏది తీసుకున్నా అక్కడికక్కడే రసీదు రాసివ్వండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమిచ్చారు, ఇచ్చేశారా లేక స్కాన్ చేసి తిరిగి ఇవ్వాలా. పెట్టెలో కాగితాలు ఏ వరసలో ఉన్నాయో ముందు ఫొటో తీయండి, ఆ వరస చెదరనీయకండి. ఒక యూనియన్ కార్యదర్శి ఏ కాగితాన్ని దేని పక్కన పెట్టుకున్నాడన్నది కూడా పరిశోధకుడికి సమాచారమే. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని కాగితం సగం విలువ పోగొట్టుకున్నట్టే.

గొంతుల్ని దాచడం, వాళ్ల అనుమతితో

తప్పెటగుళ్ల పాటలు, జముకుల కథలు, వలల పేర్లు, పొందూరులో చేప దవడతో పత్తి శుభ్రం చేసే పద్ధతి, సవర పెద్దలు చెప్పే పుట్టుక కథలు: ఇవి పుస్తకాల్లో తక్కువ, మనుషుల దగ్గర ఎక్కువ. రికార్డింగ్‌కు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ధ్వని స్పష్టంగా ఉండటం ముఖ్యం. ఒక మంచి ఆడియో రికార్డరు, కాలర్ మైకు కొనండి. వావ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీయండి. ఎంపీ3 వినిపించడానికి సరే, దాచడానికి కాదు. రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల పేరు, భాష గొంతుతో చెప్పండి. ఫైలు పేరు మారిపోయినా సంగతి మిగులుతుంది. ప్రతి ఫైలూ మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. విశాఖలోనో బంధువుల ఇంట్లోనో ఒక హార్డ్‌డిస్క్ ఉంచితే తుఫానుకు కూడా భయం లేదు.

అనుమతి విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. బయటినుంచి వచ్చినవాళ్లు రికార్డు చేసుకుని, డిగ్రీలు తెచ్చుకుని, మళ్లీ మొహం చూపించని అనుభవం మన కొండ ఊళ్లకు చాలా ఉంది. మీరు ఇంకొకరు కాకండి. సంతకం పెట్టించే ఫారం ఒక్కటే అనుమతి కాదు. వాళ్ల భాషలో చెప్పగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ఎక్కడ దాస్తారో, ఎవరు వింటారో చెప్పండి. మూడు రకాలుగా అడగండి: అందరూ వినవచ్చా, గ్రంథాలయానికి వచ్చినవాళ్లే వినాలా, కొన్నేళ్లు మూసి ఉంచాలా. పూజలో పాడే పాటలు, చనిపోయినవాళ్లను పిలిచే తంతులు కొన్ని బయటివాళ్ల కోసం కావు. వద్దంటే రికార్డరు ఆపేసి సంచిలో పెట్టేయండి. ఇచ్చినవాళ్లకు ప్రతి తిరిగి ఇవ్వండి, పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో. అనుమతి తర్వాత వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుందని కాగితం మీద రాయండి. పోరాటాల్లో, కేసుల్లో ఉన్నవాళ్ల మాటలైతే పేరు లేకుండా దాచే ఏర్పాటు ముందే చేయండి.

అమరిక, కేటలాగు

తొలిరోజు నుంచీ ఒక యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతిదాన్నీ వరస నంబరుతో ఎక్కించే పుస్తకం) ఉండాలి, గట్టి బైండింగ్ పుస్తకం, సిరాతో రాసింది. కంప్యూటర్ ఉన్నా ఇది ఉండాలి. పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతి చాలు: 304.8 వలస, 305 సామాజిక వర్గాలు, 306 సంస్కృతి, 333 భూమి, 390 ఆచారాలు, 398 జానపదం, 494.8 ద్రావిడ భాషలు, 495.95 ముండా భాషలు, 954.84 ఆంధ్రప్రదేశ్ చరిత్ర. కాగితాల పెట్టెలకు ఈ నంబర్లు వేయకండి. ఇచ్చినవాళ్ల పేరుతో, పెట్టె నంబరుతో ఒక చిన్న వివరణ చాలు.

ఇలాంటి గ్రంథాలయానికి ప్రాణం ఊళ్ల సూచిక. మనుషులు "సోషియాలజీ పుస్తకాలున్నాయా" అని రారు, "మా మందస గురించి ఏమైనా ఉందా" అని వస్తారు. ప్రతి పుస్తకంలో, ప్రతి పెట్టెలో వచ్చే ఊళ్ల పేర్లు విడిగా రాయండి. పాత ఇంగ్లిష్ కాగితాల్లో శ్రీకాకుళం చికకోల్ అని ఉంటుంది, విశాఖపట్నం విజగపటం అని. ఒక్కో ఊరికి అన్ని రాతలూ ఒకచోట కలపకపోతే పాతిక శాతం కాగితం కూడా చేతికి రాదు. సమాజాల పేర్లకూ అంతే, కాకపోతే ఒక నియమం పెట్టుకోండి: శీర్షికగా వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు. పాత పుస్తకాల్లోని కించపరిచే పేర్లను వెతకడానికి వీలుగా లోపల ఉంచండి, పైకి చూపకండి.

మొదట ఎక్సెల్ షీటు సరిపోతుంది. వెయ్యి దాటాక కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కు మారండి. ఉచితం, తెలుగు అక్షరాలు తీసుకుంటుంది. న్యూజిలాండ్‌లో పల్లెటూళ్ల లైబ్రరీల కోసం పుట్టింది కాబట్టి చిన్నచోట్లకు బాగా పనికొస్తుంది. తెలుగు వివరాలు తెలుగు లిపిలోనే ఎక్కించండి.

ఉప్పుగాలి, చెదలు, తుఫాను

గది ఎంచుకునేటప్పుడు ఊరి పెద్దల్ని ఒక్క ప్రశ్న అడగండి: నాగావళి పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? వీలైతే మొదటి అంతస్తు తీసుకోండి. పై అంతస్తైతే పైకప్పు కారకుండా చూడండి. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు నడిచి వచ్చే దూరంలో ఉంటే పలాస, రాజాం, పాలకొండ పిల్లలు ఉదయం వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోగలరు. గది అందం కన్నా ఇది ముఖ్యం.

చెక్క బీరువాల కన్నా స్టీలు రాకులు మేలు, చెదల వల్ల. గోడకు ఆరంగుళాల దూరం, నేలకు కనీసం అంత ఎత్తు. గాలిలో తేమ అరవై శాతం దాటితే బూజు పడుతుంది. మన తీరంలో అది ఏడాదిలో చాలా నెలలు దాటుతూనే ఉంటుంది. తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని రోజూ రాయండి. ఎండపొడ పడని కిటికీలు, ఫ్యాన్లు, వీలైతే గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ ఒకటి. ఏసీ రాత్రి ఆపేసి పగలు వేయడం కన్నా అసలు లేకపోవడమే నయం, ఎక్కువ తక్కువలకే కాగితం దెబ్బతింటుంది. సెల్లోటేపు, స్టేపుల్ పిన్నులు, గుండుసూదులు గదిలోకి రానీయకండి. ఉప్పుగాలికి పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. కొత్తగా వచ్చిన పెట్టెల్ని నేరుగా రాకుల్లో పెట్టకండి. విడిగా ఒక మూల రెండు వారాలుంచి పురుగు ఉందో లేదో చూడండి. తాళపత్రాలు వస్తే సొంత ప్రయోగాలు చేయకండి, తెలిసినవాళ్లకు చూపించండి.

తుఫానుల కాలం ముందు, సెప్టెంబరులో, ఒక పని తప్పకుండా చేయండి. ముఖ్యమైన పెట్టెల జాబితా తలుపు వెనక అంటించండి, టార్పాలిన్లు, ప్లాస్టిక్ క్రేట్లు సిద్ధంగా ఉంచండి. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తడిసిన పుస్తకం రెండు రోజుల్లో బూజు పడుతుంది. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టలేరు కాబట్టి మిగిలినవి గడ్డకట్టించి పెట్టాలి. దగ్గరలో జనరేటరున్న కోల్డ్ స్టోరేజీ వాళ్లతో ముందే మాట్లాడి ఒప్పందం చేసుకోండి. తుఫాను రోజున ఎవరి ఫోనూ మోగదు. ఆరబెట్టేవాటిని ఎండలో పెట్టకండి, నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టి ఆరనివ్వండి.

స్కానింగ్, కాపీరైట్

మామూలు అక్షరాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లకు మన దేశంలో కాపీరైట్ తీరుతుంది, ఆ లెక్క తర్వాతి జనవరి 1 నుంచి. గిడుగు వారు 1940లో పోయారు కాబట్టి ఆయన రచనలు ఎప్పుడో స్వేచ్ఛగా ఉన్నాయి. ఎల్విన్ 1964లో పోయారు కనుక 2025 నుంచి. ప్రభుత్వ ప్రచురణలకైతే ప్రచురించిన ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 1961 లెక్కల సంపుటాల్లో చాలావాటి గడువు తీరింది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన వాడకానికి మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చని చట్టంలో ఉంది. తన దగ్గర ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చు కూడా. దాచుకోవడం వేరు, నెట్‌లో పెట్టడం వేరు. ఈ తేడా సిబ్బందికి మొదటిరోజే చెప్పండి.

డబ్బు, సంఘం, మనుషులు

ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురితో సొసైటీ రిజిస్టర్ చేయవచ్చు. ఆదాయపు పన్ను శాఖ అనుమతులు వస్తే దాతలకు పన్ను మినహాయింపు దొరకవచ్చు. ఆ ఏడుగురిలో ఒక సవర, ఒక మత్స్యకార కుటుంబం మనిషి, ఒక దళిత మేధావి లేకపోతే ఆ కమిటీని మళ్లీ వేయండి. ఎవరి గురించి దాస్తున్నామో వాళ్లకు ఓటు ఉండాలి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పథకాలు చూడండి. భవనం కన్నా ముందు జీతానికి డబ్బు వెతకండి. ఒక లైబ్రేరియన్, రోజూ తెరిచే తలుపు ఉంటే మిగతావి నెమ్మదిగా వస్తాయి. గ్రంథాలయ శాస్త్రం చదివి ఉద్యోగం లేక చెన్నై, హైదరాబాద్ వెళ్లిపోతున్న పిల్లలు మన జిల్లాల్లోనే ఉన్నారు.

ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం, విశాఖలోని గిరిజన పరిశోధన సంస్థ, ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విభాగం: వీటితో రాతపూర్వకంగా ఒక మాట చేసుకోండి. మీ గ్రంథాలయంలో చదివి రాసిన ప్రతి విద్యార్థీ తన పని ప్రతి ఒకటి మీకివ్వాలి. ఇది ఒక్కటి సాధిస్తే పదేళ్లలో మీ సేకరణ తనంతట తానే పెరుగుతుంది.

వాడకం మొదలుపెట్టించడానికి నోటీసు బోర్డు చాలదు. డిగ్రీ కాలేజీల నుంచి పది మందిని పిలిచి, ఒక్కొక్కరికి వాళ్ల ఊరి పేరు మీద ఉన్న కాగితాలన్నీ బల్ల మీద పెట్టండి. రెండు గంటలు వదిలేయండి. వారపు సంతల రోజుల్లో సీతంపేటలోనో భామినిలోనో ఆ ప్రాంతపు పాత ఫొటోల ప్రదర్శన పెడితే, ఫొటోల్లో ఉన్నది ఎవరో చెప్పేవాళ్లు అక్కడే దొరుకుతారు. చెప్పిన పేర్లు ఆ సాయంత్రమే కేటలాగులో రాయండి.

సొసైటీ నిబంధనల్లో చివరగా ఒక క్లాజు రాయించడం మరిచిపోకండి. ఎప్పుడైనా సంఘం ఆగిపోతే ఈ సేకరణను ముక్కలు చేయకూడదు, అమ్మకూడదు, జిల్లా దాటించకూడదు. మొత్తంగా ఫలానా కాలేజీకో విశ్వవిద్యాలయానికో అప్పగించాలి, మూసి ఉంచమని అడిగిన రికార్డింగులు ఆ షరతులతోనే వెళ్లాలి. ఏ సంస్థకో పేరుతో రాయండి, ఆ సంస్థ ఒప్పుకున్న ఉత్తరాన్ని రిజిస్టర్‌కు జతచేయండి. ఐదేళ్లకోసారి ఆ ఉత్తరాన్ని కొత్తగా తెచ్చుకోండి, ఎందుకంటే అక్కడి అధికారులు మారుతుంటారు.